‘కథూలు సేవ్స్ ది వరల్డ్’ను జనం ఎందుకంతగా మెచ్చుకున్నారు? గంట ఆడి ఆపేసినవారికి నా జవాబు

మీరు అడిగింది ఇదీ: డిస్కౌంట్‌లో ‘కథూలు సేవ్స్ ది వరల్డ్’ అనే వీడియో గేమ్ కొన్నారు. మొదటి పావుగంట బాగా నవ్వుకున్నారు. తర్వాత జోకులు పలచబడి, పాతకాలం బొమ్మలూ పాతకాలం పోరాటాలూ మాత్రమే మిగిలినట్టు అనిపించింది. గంట ఆడి ఆపేశారు. రివ్యూల్లో చూస్తే మాత్రం జనం తెగ పొగుడుతున్నారు. ‘వాళ్లకు కనిపించి నాకు కనిపించనిది ఏమిటి? కొనసాగించనా, వదిలేయనా?’ అని.

కొనసాగించండి. కాకపోతే జోకుల కోసం ఎదురుచూడటం మానేసి ఆడండి. నేను ఈ ఆటను మూడుసార్లు పూర్తి చేశాను. మూడోసారి డైలాగులు చదవకుండా గబగబా బటన్ నొక్కుకుంటూ పోయాను. జోకులన్నీ తెలిసినవే, కథ తెలిసిందే. అయినా ఒక్క పూట కూడా బోర్ కొట్టలేదు. కామెడీ ఆర్‌పీజీ (పాత్రల జట్టును నడిపిస్తూ, పోరాటాలతో వాళ్లను బలపరుచుకుంటూ పోయే రకం ఆట) అని పేరుపడ్డ ఆటలో కామెడీ తీసేసినా ఆట నిలబడిందంటే అసలు సరుకు ఇంకెక్కడో ఉందన్నమాట. దాని గురించే చెబుతాను. కాస్త పొడవుగానే ఉంటుంది, ఓపిక పట్టండి.

ముందు ఈ ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. కథూలు అనేది అమెరికన్ రచయిత లవ్‌క్రాఫ్ట్ 1928లో అచ్చయిన ఒక కథలో సృష్టించిన భయంకర దేవుడు. సముద్రం అడుగున నిద్రపోతుంటాడు, లేచాడంటే లోకానికి పిచ్చెక్కుతుంది. (పేరు టైప్ చేసిన ప్రతిసారీ నా ఫోన్ దాన్ని ‘కథలు’ అని దిద్దుతోంది. ఎక్కడైనా ‘కథలు లోకాన్ని కాపాడాయి’ అని కనపడితే క్షమించండి.) ఈ ఆటలో ఆయనగారు లోకాన్ని నాశనం చేయడానికి బయల్దేరతాడు. ఎవరో మాంత్రికుడు వచ్చి శక్తులన్నీ బంధించేస్తాడు. శాపం పోవాలంటే నిజమైన హీరో కావాలి. ఈ విషయం కథూలుకి ఎలా తెలుస్తుందంటే, వెనక నుంచి కథ చెబుతున్న నెరేటర్ నోరు జారితే ఈయన చెవిన పడుతుంది. అంటే లోకాన్ని నాశనం చేసే శక్తి తిరిగి రావాలంటే ముందు లోకాన్ని కాపాడాలి. దొంగ చేతికి తాళాలిచ్చి కాపలా పెట్టడం అంటే ఇదే. ఇక అక్కడి నుంచి ప్రతి ఊళ్లోనూ ‘మమ్మల్ని కాపాడు బాబూ’ అని జనం వేడుకోవడం, ఈయన లోపల పళ్లు నూరుకుంటూ సాయం చేయడం, మధ్యలో నెరేటర్‌తో గొడవపడటం. వెంట వచ్చే జట్టు కూడా అలాంటిదే: ఈయన మీద మనసు పారేసుకున్న ఉమి అనే అమ్మాయి, మాట్లాడే కత్తి, శవాలను లేపే అమ్మాయి, ఒక పిల్లి, ఒక డ్రాగన్.

చేసింది జీబాయిడ్ గేమ్స్. గేమ్స్ అని బహువచనం పెట్టుకున్నారు కానీ అప్పట్లో అది ఇద్దరు మనుషుల కంపెనీ: రాబర్ట్ బాయిడ్, బిల్ స్టియర్న్‌బర్గ్. వాళ్ల మొదటి ఆర్‌పీజీ 2010 ఏప్రిల్‌లో వచ్చిన ‘బ్రెత్ ఆఫ్ డెత్ 7: ది బిగినింగ్’. ఏడో భాగం అని పేరు, పక్కనే ‘ఆరంభం’ అని ఉపశీర్షిక. ముందు ఆరు భాగాలు ఎక్కడున్నాయి అని వెతక్కండి, లేవు. ఆ పేరే మొదటి జోక్. అందులో హీరో ఒక అస్థిపంజరం. పాత ఆర్‌పీజీల్లో హీరో నోరు విప్పడు కదా, ఇతనూ అంతే. కాకపోతే మనసులో అనుకునేవన్నీ మనకు వినిపిస్తుంటాయి, అవన్నీ వెటకారాలే. దాని తర్వాత అదే ఏడాది డిసెంబర్ 30న కథూలు వచ్చింది.

ఇప్పుడు మీ ప్రశ్నలోని అసలు చిక్కు: జోకులు మొదట్లో గుప్పించి తర్వాత ఎందుకు పలచబడ్డాయి? దీనికి కారణం ఆటలో కాకుండా అమ్మిన అంగడిలో ఉందని నా అనుమానం. ఈ రెండు ఆటలూ మొదట వచ్చింది ఎక్స్‌బాక్స్ 360 అనే గేమ్ యంత్రంలో అప్పట్లో ఉండిన ఎక్స్‌బాక్స్ లైవ్ ఇండీ గేమ్స్ అనే విభాగంలో. అక్కడ ఎవరైనా ఏడాదికి 99 డాలర్లు కట్టి సభ్యత్వం తీసుకుని, సొంతంగా ఆట చేసి, తోటి డెవలపర్లతో పరీక్ష చేయించుకుని అమ్ముకునే వీలుండేది. ధరలు 80, 240, 400 పాయింట్లు. 80 పాయింట్లంటే ఒక డాలర్. బ్రెత్ ఆఫ్ డెత్ ఒక డాలర్‌కి, కథూలు మూడు డాలర్లకి పెట్టారు. ఇక్కడే ఒక నియమం ఉండేది. ప్రతి ఆటకీ ఉచిత ట్రయల్ తప్పనిసరి, ఆ ట్రయల్ ఎనిమిది నిమిషాలు. ఎనిమిది నిమిషాలు అయ్యాయా, తెర ఆగిపోయి ‘కొంటావా, పోతావా’ అని అడిగేది.

ఒక ఆర్‌పీజీ చేసినవాడి స్థానంలో ఉండి ఆలోచించండి. ఆర్‌పీజీ అంటేనే నెమ్మదిగా రుచి పట్టే వంట. ఎనిమిది నిమిషాల్లో లెవెల్ రెండో మూడో అవుతుంది, చేతిలో ఒక కర్ర ఉంటుంది, అంతే. పోరాట పద్ధతిలోని లోతు ఆ టైమ్‌లో చూపించడం కుదరదు. ఎనిమిది నిమిషాల్లో చూపించగలిగింది ఒక్క హాస్యమే. అందుకే నెరేటర్ నోరు జారడం, హీరో కాబోయే దయ్యం విసుక్కోవడం, ఉమి రావడం, ఇవన్నీ తలుపు తీయగానే ఎదురొస్తాయి. మీరు నవ్విన పావుగంటలో సగానికి పైగా ఆ ఎనిమిది నిమిషాలే. ఆ తర్వాత జోకులు రావని కాదు, వస్తాయి. కానీ అప్పటికే కొన్నవాడిని ఆడించాల్సిన పని ఇంకోదాని మీద పడుతుంది.

ఆ ఇంకోదాన్ని కాస్త దగ్గరగా చూద్దాం.

1986లో వచ్చిన ‘డ్రాగన్ క్వెస్ట్’ నాటి నుంచి ఈ తరహా ఆటల్లో ఒక పాత రోగం ఉంది. నాలుగడుగులు వేస్తే చాలు తెర మారిపోయి రాక్షసులు ఊడిపడతారు. కొట్టి బయటపడి ఇంకో నాలుగడుగులు వేస్తే మళ్లీ. దారి తప్పి గుహలో తిరుగుతున్నప్పుడైతే ప్రాణం విసిగిపోతుంది. పోనీ గెలిచాం కదా అంటే ఒంట్లో రక్తం సగమై ఉంటుంది, మెనూ తెరిచి నలుగురికీ మందులు పోసుకోవాలి. బాస్ (గుహ చివర ఎదురయ్యే పెద్ద శత్రువు) దగ్గరికి వెళ్లేసరికి మందులు అయిపోతాయి, వెనక్కి ఊరికి పరుగు. చిన్నప్పుడు సెలవుల్లో చేతిలో బోలెడు టైమ్ ఉంది కాబట్టి భరించాం. ఇప్పుడు భరించలేం.

కథూలులో ఏం చేశారంటే, ప్రతి ప్రాంతంలోనూ ఎన్ని పోరాటాలు వస్తాయో లెక్క కట్టి పెట్టారు. ఆ లెక్క మెనూలో కనిపిస్తుంది. అది సున్నా అయ్యాక ఆ గుహలో మీరు ఎంత తిరిగినా ఎవరూ అడ్డురారు. మూలమూలలా పెట్టెలు వెతుక్కోవచ్చు. ఇంకా కొట్లాడాలని ఉంటే మెనూలోంచే పోరాటం పిలుచుకోవచ్చు. ప్రతి పోరాటం తర్వాత అందరి హెచ్‌పీ (ఒంట్లో మిగిలిన ప్రాణశక్తి లెక్క) పూర్తిగా నిండిపోతుంది. ఎక్కడైనా సేవ్ చేసుకోవచ్చు.

వినడానికి ఇది ఆటను తేలిక చేయడంలా ఉంటుంది. నేనూ మొదట అలాగే అనుకున్నాను. కానీ హెచ్‌పీ ఎలాగూ నిండుతుంది కాబట్టి, డిజైనర్ ప్రతి చిన్న పోరాటాన్నీ మీరు చచ్చేంత గట్టిగా పెట్టగలడు. పాత ఆటల్లో అలా కుదరదు. ప్రతి పోరాటం మిమ్మల్ని కొంచెం కొంచెం కొరుక్కు తింటుంది కాబట్టి ఒక్కొక్కటి బలహీనంగానే ఉండాలి. అందుకే అక్కడ నూటికి తొంభై పోరాటాలు ‘దాడి, దాడి, దాడి’ అని కళ్లు మూసుకుని నొక్కేవే. ఇక్కడ అలా నొక్కితే మూడో గుహ దాటరు.

దీనికి తోడు ఇంకో మెలిక. శత్రువులు టర్న్ టర్న్‌కీ, అంటే వంతు వంతుకీ, బలం పుంజుకుంటారు. మొదటి టర్న్‌లో గీరిన దెబ్బ ఐదో టర్న్‌లో ఎముక విరుస్తుంది. ఇంకోవైపు పోరాటం ఎంత త్వరగా ముగిస్తే మ్యాజిక్ పాయింట్లు అంత ఎక్కువగా తిరిగి వస్తాయి. ఈ రెండూ కలిస్తే ఏమవుతుందో చూడండి. నలుగురు శత్రువులు ఎదురుగా నిలబడ్డారు అనుకుందాం. ఖరీదైన మంత్రం వేసి ఒకటి రెండు టర్న్‌లలో ఊడ్చేయాలా? వేస్తే మ్యాజిక్ ఖర్చు, కానీ త్వరగా ముగించినందుకు కొంత వెనక్కి వస్తుంది. పొదుపుగా మామూలు దెబ్బలతో లాగాలా? లాగితే నాలుగో టర్న్ నాటికి వాళ్లు పుంజుకుంటారు, వైద్యం మీద మ్యాజిక్ ఖర్చవుతుంది, తిరిగొచ్చేదీ తక్కువ. పొదుపు చేసినవాడే చివరికి ఎక్కువ ఖర్చు పెడతాడు. ఈ లెక్క ప్రతి పోరాటంలోనూ కొత్తగా వేసుకోవాలి, ఎందుకంటే శత్రువుల కలయిక మారుతుంటుంది.

దాని మీద కాంబో. కొన్ని దెబ్బలు వరసగా పడి ఒక లెక్కను పెంచుతాయి. ఇంకొన్ని దెబ్బలు ఆ పెరిగిన లెక్కను ఒక్కసారిగా వాడేసుకుని బలంగా పడతాయి, లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ఇప్పుడే వాడేయాలా, ఇంకో టర్న్ పోగేసి పెద్ద దెబ్బ కొట్టాలా? అటు శత్రువూ పెరుగుతున్నాడు. ఈ టెన్షన్ చిన్న చిన్న పోరాటాల్లో కూడా ఉంటుంది.

పిచ్చెక్కించడం అనే మంత్రాలు కూడా ఉన్నాయి, కథూలు కదా మరి. పిచ్చెక్కిన శత్రువు బొమ్మే మారిపోతుంది. మామూలుగా కనిపించినవాడు ఒక్కసారిగా వికారంగా అయిపోతాడు. ఇదొక్కటే ఈ ఆటలో హాస్యమూ పోరాటమూ ఒకే చోట కలిసిన సందర్భం అని నా అభిప్రాయం. ప్రతి కొత్త శత్రువునూ ‘వీడికి పిచ్చెక్కితే ఎలా ఉంటాడో’ అని చూడాలనిపిస్తుంది.

లెవెల్ పెరిగిన ప్రతిసారీ రెండు దారులు చూపించి ఒకటి ఎంచుకోమంటుంది. ఒకే మంత్రం ఒకరి మీద గట్టిగా పడాలా, అందరి మీదా కొంచెం కొంచెంగా పడాలా, ఇలాంటివి. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. మొదటిసారి ఆడినప్పుడు పాత అలవాటు కొద్దీ ప్రతిచోటా రక్షణ పెంచే దారే పట్టాను. గట్టిగా ఉంటే ఎవడేం చేస్తాడులే అని. ఆట మధ్యకి వచ్చేసరికి ఒక బాస్ దగ్గర వరసగా ఆరేడుసార్లు ఓడాను. నేను చావడం లేదు, వాడూ చావడం లేదు, కానీ వాడు మాత్రం టర్న్‌కింత పెరుగుతూ పోతున్నాడు. పదో టర్న్ దగ్గర ఒక్క దెబ్బకి అందరం నేలమీద. మిగతా ఆర్‌పీజీల్లో వైద్యుడిని ఒకడిని వెనక పెట్టుకుని నత్తనడకన బాస్‌ని అరగదీయడమే మనకు తెలిసిన విద్య. ఆ విద్య ఇక్కడ పనికిరాదని తెలిశాకే నాకు ఈ ఆట నచ్చడం మొదలైంది. మీరు ఆపేసింది ఆ మలుపు రాకముందే అని నా నమ్మకం.

ఇక జనం ఎలా ఆదరించారన్న సంగతి. ఎక్స్‌బాక్స్‌లో ఆడినవాళ్లు బాగానే మెచ్చుకున్నారు, కానీ ఆడినవాళ్లే తక్కువ. ఆ విభాగం మెనూల్లో లోపలెక్కడో దాగి ఉండేది. అక్కడి ఆటలకు అచీవ్‌మెంట్లు (ఆటలో సాధించినవాటికి దక్కే బిరుదులు) ఇచ్చే అనుమతి లేదు. అచీవ్‌మెంట్ల కోసమే ఆడే జనం అటు తొంగిచూడలేదు. పైగా చుట్టూ ఉన్న సరుకులో చాలాభాగం కంట్రోలర్‌ని వణికించి మసాజ్ చేస్తామనే ప్రోగ్రాములు, ఎక్స్‌బాక్స్ అవతార్ బొమ్మలను గెంతించే ఆటలు. మంచి ఆటలు చేసేవాళ్లకు ఒళ్లు మండి, 2010 డిసెంబర్‌లో ‘వింటర్ అప్‌రైజింగ్’ అని పేరు పెట్టుకుని కొన్ని నాణ్యమైన ఆటలను కలిపి ప్రచారం చేశారు. ఆ ప్రయత్నం నడిపినవాళ్లలో రాబర్ట్ బాయిడ్ ఒకరు. తమాషా ఏమిటంటే, ఆయన సొంత ఆట మాత్రం నెలాఖరుకి గానీ బయటికి రాలేదు.

2011 జులై 13న రెండు ఆటలూ కలిపి స్టీమ్ అనే పీసీ ఆటల అంగడిలో మూడు డాలర్లకు ఒక్క సెంటు తక్కువకి పెట్టారు. వారం తిరగకుండానే, అంతకుముందు ఏడాదికి పైగా ఎక్స్‌బాక్స్‌లో వచ్చిన మొత్తం ఆదాయాన్ని దాటేసిందని బాయిడ్ చెప్పారు. ఆట అదే, అంగడి మారింది. పీసీ కూర్పుకి వాళ్లు పెట్టిన పూర్తి పేరు మీరు గమనించారో లేదో: ‘సూపర్ హైపర్ ఎన్‌హాన్స్‌డ్ ఛాంపియన్‌షిప్ ఎడిషన్ ఆల్ఫా డైమండ్ డీఎక్స్ ప్లస్ ఆల్ఫా ఎఫ్ఈఎస్ హెచ్‌డీ – ప్రీమియమ్ ఎన్‌హాన్స్‌డ్ గేమ్ ఆఫ్ ది ఇయర్ కలెక్టర్స్ ఎడిషన్ (వితౌట్ అవతార్స్!)’. చివర బ్రాకెట్లో ‘అవతార్లు లేవు’ అన్న ముక్క ఆ ఎక్స్‌బాక్స్ రోజుల మీద వేసిన చురక. అక్కడ ఆడనివాళ్లకు ఆ జోక్ అర్థం కాదు.

స్టీమ్‌లో జనం రాసిన రివ్యూలు నేను చాలానే చదివాను. ఒక విషయం కొట్టొచ్చినట్టు కనపడుతుంది. పొగిడేవాళ్లు మొదటి వాక్యంలో జోకుల గురించి రాసి, రెండో వాక్యం నుంచి ‘టైమ్ వృథా చేయదు’, ‘పోరాటాలు చకచకా అయిపోతాయి’, ‘ఏడెనిమిది గంటల్లో పూర్తయింది’ అనే మాటల్లోకి వెళ్తారు. విసుక్కునేవాళ్లు మాత్రం చివరిదాకా జోకుల గురించే రాస్తారు: ఒకే జోక్ మళ్లీ మళ్లీ వేస్తున్నారని, ఆర్‌పీజీలు ఎరగనివాడికి సగం అర్థం కావని, లవ్‌క్రాఫ్ట్ పేరు వాడుకున్నారే గానీ ఆ భయం ఎక్కడా లేదని. మీ ఫిర్యాదు కూడా ఈ రెండో కోవలోకే వస్తుంది. అది తప్పుడు ఫిర్యాదు కాదు. జోకుల్లో కొన్ని నిజంగానే తేలిపోతాయి. ‘మనం ఆటలో ఉన్నాం’ అని పాత్రలే చెప్పుకునే రకం హాస్యం మొదటి మూడుసార్లు బాగుంటుంది, పదోసారి బాగోదు.

ఇంకో ఫిర్యాదుతో కూడా నేను ఏకీభవిస్తాను. గుహలు మరీ పెద్దవి. ఖాళీ దారులు, మూసుకుపోయిన మూలలు, ఎటు చూసినా ఒకే రాయి. పోరాటాలకు హద్దు పెట్టినవాళ్లు నడకకు హద్దు పెట్టడం మర్చిపోయారు. చివర్లో కష్టం కూడా సమంగా పెరగదు. కొన్ని మంత్రాల జోడీ దొరికితే బాస్‌లు కూడా తేలిపోతారు, దొరక్కపోతే చుక్కలు కనిపిస్తాయి.

‘ఇది అండర్‌టేల్ అంత గొప్పదా’ అని, ఇంకో నవ్వించే ఆర్‌పీజీతో పోలుస్తూ కూడా అడిగారు. కాదు. ఎందుకు కాదో చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి.

నవ్వించే ఆర్‌పీజీలకు తాతలాంటిది ‘ఎర్త్‌బౌండ్’. జపాన్‌లో 1994 ఆగస్టులో ‘మదర్ 2’గా వచ్చింది, అమెరికాలో 1995 జూన్‌లో. కత్తి పట్టిన రాకుమారుడి స్థానంలో బేస్‌బాల్ బ్యాట్ పట్టిన పిల్లాడు. ఆట సేవ్ చేయాలంటే నాన్నకి ఫోన్ చేయాలి. ఎక్కువ రోజులు ఇంటికి దూరంగా ఉంటే అమ్మ మీద బెంగపడి పోరాటంలో సరిగ్గా కొట్టడు. అమెరికాలో దాన్ని ఎలా అమ్మారో తెలుసా? ‘ఈ ఆట కంపు’ అని ప్రకటనలు వేసి, గీకితే వాసన వచ్చే కాగితాలు పత్రికల్లో పెట్టారు. హాస్యాన్ని హాస్యంతో అమ్ముదామనుకున్నారు, బెడిసికొట్టింది. అక్కడ సుమారు లక్షా నలభై వేలు అమ్ముడైంది. ఆ రోజుల్లో ‘డాంకీ కాంగ్ కంట్రీ’ లాంటి ఆటలు మెరిసే బొమ్మలతో కళ్లు చెదరగొడుతుంటే, పిల్లలు గీసినట్టుండే ఎర్త్‌బౌండ్ బొమ్మలు ఎవరికీ ఆనలేదు. 1999లో ‘సూపర్ స్మాష్ బ్రదర్స్’లో ఆ పిల్లాడు నెస్ కనిపించాకే చాలామంది ‘వీడెవడు’ అని వెతికారు. అభిమానులు ఏళ్ల తరబడి మొత్తుకుంటే 2013లో గానీ అమెరికాలో వీ యూ అనే గేమ్ యంత్రంలో మళ్లీ విడుదల కాలేదు.

ఎర్త్‌బౌండ్‌లో ఒక చిన్న సదుపాయం ఉంది. మీరు బాగా బలపడ్డాక పాత శత్రువుని తాకితే పోరాటమే మొదలుకాదు. ‘మీరు గెలిచారు’ అని ఒక ముక్క, అనుభవ పాయింట్లు జేబులో. ఇంకా బలపడితే శత్రువులే మిమ్మల్ని చూసి పారిపోతారు. బాయిడ్ పోరాటాలకు హద్దు పెట్టడం కూడా ఇదే విసుగుకి మందు. నవ్వించే ఆటలు చేసేవాళ్లకే ఈ ఆలోచన రావడం కాకతాళీయం కాదనుకుంటాను. రెండు నవ్వుల మధ్య ఇరవై నిమిషాల చాకిరీ ఉంటే జోక్ చచ్చిపోతుంది కదా.

‘అండర్‌టేల్’ ఇంకో మెట్టు ఎక్కింది. దాన్ని చేసిన టోబీ ఫాక్స్ 2013లో కిక్‌స్టార్టర్ అనే చందాల వెబ్‌సైట్‌లో ఐదు వేల డాలర్లు అడిగితే యాభై ఒక్క వేలు దాటి వచ్చాయి. ఆట 2015 సెప్టెంబర్ 15న వచ్చింది. అందులో రాక్షసుడిని కొట్టక్కర్లేదు, పలకరించవచ్చు, జోకు వేయవచ్చు, మెచ్చుకోవచ్చు, వదిలేయవచ్చు. అంటే అక్కడ జోకే మీ ఆయుధం. హాస్యాన్ని పీకేస్తే పోరాటమూ పోతుంది. కథూలులో హాస్యం ఒక గదిలో, పోరాటం పక్క గదిలో. రెండూ బాగుంటాయి, మధ్యలో తలుపు సన్నం. మూడోసారి డైలాగులు వదిలేసి ఆడగలిగానని మొదట్లో చెప్పాను చూడండి, అది ఆట బలం, బలహీనత కూడా. అండర్‌టేల్‌ని అలా ఆడలేరు.

కానీ అండర్‌టేల్ అందుకున్నంత ఆదరణ అందుకోవడం వల్ల వచ్చే తలనొప్పులు కథూలుకి రాలేదు. అండర్‌టేల్ వచ్చిన కొత్తలో ఎవరైనా దాన్ని లైవ్‌లో ఆడితే చాలు, ‘అలా కాదు, ఇలా ఆడు, వాడిని చంపకు’ అని వందల మంది మీద పడేవారు. తనంతట తాను తెలుసుకోవాల్సిన ఆటను అభిమానులే చెప్పేసి పాడుచేశారు. గేమ్‌ఎఫ్‌ఏక్యూస్ వెబ్‌సైట్ 2015లో పెట్టిన అత్యుత్తమ ఆట పోటీలో అది గెలిచేసరికి, నిన్నటిదాకా ఆ పేరు విననివాళ్లు కూడా దాన్ని ద్వేషించడం మొదలుపెట్టారు. ఏడాది తర్వాత ఫాక్స్ స్వయంగా తన ఆటకు పదికి ఎనిమిది మార్కులు వేసుకున్నారు. కథూలు అభిమానులు అలాంటి గోల ఏమీ చేయలేదు. మూడు డాలర్ల ఆట, వారాంతంలో అయిపోయింది, బాగుంది, ఇంకొకరికి చెప్పారు. అంతే. మీరు చదివిన పొగడ్తల్లో చాలాభాగం ఆ ధరను, ఆ నిడివిని దృష్టిలో పెట్టుకుని రాసినవే. ‘మూడు డాలర్లకి ఇంతా!’ అన్న ఆశ్చర్యం తీసేసి చదివితే ఆ రివ్యూలు మీకు అంత అతిగా అనిపించవు.

ఆ ఆదరణ వాళ్లకు ఏం తెచ్చిపెట్టిందంటే, పెన్నీ ఆర్కేడ్ వెబ్‌కామిక్ వాళ్ల ‘ఆన్ ది రెయిన్-స్లిక్ ప్రెసిపిస్ ఆఫ్ డార్క్‌నెస్’ మొదటి రెండు భాగాలు వేరే కంపెనీ చేసి ఆగిపోతే, మూడూ నాలుగూ భాగాలు జీబాయిడ్ చేతికి వచ్చాయి. 2012లో ఒకటి, 2013లో ఒకటి. పోరాట పద్ధతి పరంగా వాళ్ల పనిలో నాకు బాగా నచ్చింది ఆ మూడో భాగమే. తర్వాత కిక్‌స్టార్టర్‌లో లక్ష డాలర్లు అడిగి అంతకు మించి తెచ్చుకుని, 2017లో ‘కాస్మిక్ స్టార్ హీరోయిన్’ చేశారు. అందులో హాస్యం తగ్గించి సీరియస్ కథకి వెళ్లారు. పోరాటాలు ఇంకా మెరుగయ్యాయి, కానీ ఆ పాత చిలిపిదనం లేక నాకు కొంచెం వెలితిగా అనిపించింది. 2019 డిసెంబర్‌లో ‘కథూలు సేవ్స్ క్రిస్మస్’తో మళ్లీ పాత దారికి వచ్చారు.

ఇక మీరు చేయాల్సింది. గంట ఆడిన సేవ్ ఉంది కదా, దాన్నే కొనసాగించండి, మొదటి నుంచి మొదలుపెట్టక్కర్లేదు. మరీ సులువుగా అనిపిస్తుంటే కష్టం స్థాయి పెంచి ఆడితేనే పైన చెప్పిన లెక్కలన్నీ బయటపడతాయి. ఈజీలో ఈ ఆట వట్టి జోకుల పుస్తకమే. లెవెల్ పెరిగినప్పుడు రక్షణ జోలికి ఎక్కువ పోకండి, నాలా ఇరుక్కుంటారు. కొత్త గుహలోకి వెళ్లగానే ముందు మెనూ తెరిచి ఎన్ని పోరాటాలు మిగిలాయో చూసుకోండి. వాటిని ద్వారం దగ్గరే మెనూలోంచి పిలిచి వరసగా ముగించేసి, తర్వాత తీరిగ్గా పెట్టెలు వెతుక్కోవచ్చు. పెద్ద గుహల విసుగు సగం పోతుంది.

పూర్తయ్యాక ‘కథూలూస్ ఏంజెల్స్’ అనే మోడ్ ఉంటుంది: కొత్త పాత్రలు, కొత్త మాటలు, కొత్త బాస్‌లు. ఊరికే అతికించిన తోక కాదు, ఒకసారి ఆడదగ్గదే. కానీ అసలు కథ అయిన వెంటనే మొదలుపెట్టకండి, దారులు చాలావరకు అవే కాబట్టి మొహం మొత్తుతుంది. ‘హైలాండర్’ మోడ్‌లో ఒక్కొక్కరినే పోరాటంలోకి దించాలి, అనుభవం నాలుగింతలు వస్తుంది. దాన్ని నేను రెండుసార్లు మొదలుపెట్టి రెండుసార్లూ ఒకే బాస్ దగ్గర వదిలేశాను. మీరు దాటితే ఎలా దాటారో ఇక్కడే రాయండి.